యాభై దాటాక చీర, జాకెట్టు ఒంటికి కుదరాలంటే: ముందు ఆది మార్చండి

"యాభై దాటాయి, ఏది కట్టినా నప్పడం లేదు. ఏ రంగులు కట్టుకోవాలి?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. రంగు సంగతి తర్వాత చూద్దాం. టైలరుకు మీరిచ్చే ఆది జాకెట్టు ఎన్నేళ్ళ కిందటిదో ముందు గుర్తుచేసుకోండి. ఎప్పటిదో పాత జాకెట్టు ఇచ్చి, "దీనికన్నా కాస్త లూజు పెట్టమ్మా" అని చెప్పి రావడం మన దగ్గర మామూలే. కానీ ఈ వయసులో ఒళ్ళు లావెక్కడం ఒక్కటే జరగదు, ఆకారం కూడా మారుతుంది. రొమ్ము కిందికి జారుతుంది. వీపు పైభాగం కొద్దిగా వంగి భుజాలు ముందుకొస్తాయి. జబ్బలూ పొట్టా పెరుగుతాయి, భుజాల వెడల్పు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. "కాస్త లూజు" పెడితే ఆ లూజంతా పక్క కుట్లలోకి పోతుంది. చంక కింద బట్ట ముడతలు పడుతుంది, భుజం జారుతుంది, అసలు బిగుతుగా ఉన్నచోట అలాగే బిగుసుకుని ఉంటుంది. జాకెట్టు కిందికి లాక్కుంటూ, పైట సర్దుకుంటూ పెళ్ళిలో మూడు గంటలు కూర్చున్న మనిషి ఎంత ఖరీదైన చీర కట్టినా బెరుగ్గానే కనిపిస్తుంది.

కింద చెప్పింది చీర కట్టేవాళ్ళ కోసం. పంజాబీ డ్రెస్సులు వేసేవాళ్ళకు మొదటి నాలుగు మెట్లు పనికొస్తాయి.

కావలసినవి

- కొత్త టేపు. పాత టేపులు సాగిపోతాయి. ఇంట్లో ఉన్నదే వాడాలంటే స్కూలు స్కేలు పక్కన పెట్టి 12 అంగుళాలు సరిపోతున్నాయో లేదో చూసుకోండి.
- కొలత తీయడానికి ఇంకో మనిషి. మీ అంతట మీరే తీసుకుంటే చేతులు లేస్తాయి, ఛాతీ కొలత తప్పుతుంది.
- సరిగ్గా పట్టే కొత్త బ్రా ఒకటి.
- మీటరు టూ బై టూ రూబియా జాకెట్టు గుడ్డ, ఏ రంగైనా సరే. మొదటి జాకెట్టు దీంతోనే కుట్టించాలి.
- మీరు ఎక్కువగా వేసుకునే చెప్పులు, ఒక పెద్ద అద్దం, ఫోను కెమెరా.

1. కొలతలకు ముందు బ్రా మార్చండి

ఈ మెట్టు దాటేసేవాళ్ళే ఎక్కువ, తర్వాతి తప్పులన్నీ ఇక్కడే మొదలవుతాయి. సాగిపోయిన బ్రా మీద కొలత తీస్తే డాటు (రొమ్ము ఆకారం కోసం బట్టలో వేసే మడత కుట్టు) ఒకటి రెండు అంగుళాలు కిందికి పడుతుంది. ఆ జాకెట్టు లోపల మంచి బ్రా వేసిన రోజు పైన బిగుతు, కింద సంచిలాగా ఉంటుంది.

కొట్టుకు వెళ్ళేముందు రొమ్ము కింద చుట్టుకొలత, రొమ్ము మీద చుట్టుకొలత రెండూ రాసుకుని వెళ్ళండి. కంపెనీకో లెక్క ఉంటుంది కాబట్టి పెట్టె మీది పట్టికతో పోల్చి తీసుకోవాలి. "నాది ఎప్పుడూ 36" అని అడిగి తెచ్చుకోవద్దు. వేసుకున్నాక అద్దంలో వీపు చూసుకోండి. రొమ్ము కింద పట్టీ ముందూ వెనకా ఒకే మట్టంలో ఉండాలి. వెనక పైకి ఎక్కుతోందంటే పట్టీ లూజు, ఒక సైజు తగ్గించాలి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరితే సరైన బిగువు. కొత్తదాన్ని చివరి హుక్కుకు, అంటే అన్నిటికన్నా లూజుగా ఉండే హుక్కుకు పెట్టుకున్నప్పుడే సరిగ్గా ఉండాలి. సాగేకొద్దీ లోపలి హుక్కులు వాడుకోవచ్చు. భుజాల మీద గాళ్ళు పడుతున్నాయంటే బరువంతా భుజం పట్టీల మీదే ఉందన్నమాట. వెడల్పు పట్టీలున్నవి తీసుకోండి.

2. కొలతలు: ఆది పక్కన పెట్టి ఒంటి మీద తీయించండి

చేతులు కిందికి వదిలి, ఊపిరి మామూలుగా పీలుస్తూ నిలబడండి. పొట్ట లోపలికి లాగవద్దు, ఇది మీ టైలరుకు చూపించాల్సిన పొట్టే. టేపు ఒంటికి ఆనాలి గానీ నొక్కకూడదు.

- పై ఛాతీ: చంకల కింద నుంచి, రొమ్ముకు పైన.
- ఛాతీ: రొమ్ము మీద, వెనక టేపు కిందికి జారకుండా.
- రొమ్ము కింద చుట్టు.
- భుజం: వీపు వైపు నుంచి, ఈ భుజం ఎముక నుంచి ఆ భుజం ఎముక దాకా.
- డాటు ఎత్తు: మెడ పక్కన భుజం మీద నుంచి రొమ్ము మొన దాకా. ముప్పైల్లో తొమ్మిదిన్నర ఉన్నవాళ్ళకు ఇప్పుడు పదిన్నర, పదకొండు ఉండవచ్చు.
- రెండు మొనల మధ్య దూరం.
- ముందు పొడవు, వెనక పొడవు వేరువేరుగా.
- చంక చుట్టు.
- జబ్బ చుట్టు: మోచెయ్యి మడిచి తీయాలి. చాపి తీస్తే అర అంగుళం పైగా తగ్గుతుంది, తర్వాత చెయ్యి మడవగానే కుట్టు కోసుకుంటుంది.
- చేతి పొడవు, ముందు మెడ లోతు, వెనక మెడ లోతు.

వీటిలో చాలామంది టైలర్లు అడగనివి మూడు: పై ఛాతీ, డాటు ఎత్తు, వేరుగా వెనక పొడవు. వాళ్ళు అడగకపోయినా మీరే రాయించండి.

పై ఛాతీకీ ఛాతీకీ తేడా 3 అంగుళాలు దాటితే ఈ మాట గట్టిగా చెప్పండి: "భుజం, చంక పై ఛాతీ కొలతకు కత్తిరించు, ముందు ముక్క మాత్రం ఛాతీకి తగ్గట్టు పెంచు." పెద్ద ఛాతీ కొలత చూసి మొత్తం జాకెట్టు పెంచేస్తే భుజాలు జారేది అందుకే. వీపు వంగినవాళ్ళు వెనక పొడవు అర అంగుళం ఎక్కువ పెట్టించుకోవాలి. లేకపోతే వెనక భాగం పైకి లేస్తుంది.

3. రూబియాతో ఒక జాకెట్టు కుట్టించండి

పట్టుచీర జాకెట్టు ముక్క మీద ప్రయోగాలు వద్దు. ముందు రూబియా జాకెట్టు కుట్టించుకుని, సరిదిద్దుకుని, అదే కొత్త ఆదిగా పెట్టుకోండి. కుట్టేముందు గుడ్డను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. లైనింగు గుడ్డ కూడా అంతే. లైనింగు కుంచించుకుపోయి పై బట్ట ఉబ్బిపోవడం మనకందరికీ తెలిసిన గోలే.

కుట్టేవాళ్ళకు చెప్పాల్సినవి:

- ఛాతీ చుట్టుకు ఒక అంగుళం నుంచి అంగుళంన్నర వదులు.
- రెండు పక్కలా లోపల అంగుళంన్నర బట్ట కత్తిరించకుండా వదలాలి. ఏటా ఒళ్ళు మారుతుంది, ఇదే మీ పొదుపు.
- డాటు చివర మొనకు అంగుళం ఇవతలే ఆగాలి. మొన దాకా వస్తే శంఖంలా పొడుచుకొస్తుంది.
- హుక్కులు ముందు. భుజం పట్టేసినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళలో ఇది మరీ ఎక్కువ, వెనక హుక్కులతో పడే అవస్థ వర్ణించలేం. డిజైను కోసం వెనక హుక్కులు కావాలంటే అలంకారానికి బొత్తాలు కుట్టించి, తెరుచుకునేది మాత్రం ముందే పెట్టించండి.
- జాకెట్టు పొడవు రొమ్ము కింద పట్టీ కంటే కనీసం రెండు అంగుళాలు దిగాలి. పద్నాలుగున్నర, పదిహేను చాలామందికి సరిపోతుంది.

జాగ్రత్త: చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లు. ఛాతీ 40 దాటి, మోచేతి దాకా చేతులు కావాలంటే అది చాలకపోవచ్చు. ముందే అడిగి, చాలకపోతే చేతులకు అంచు ముక్క వేయించుకోండి, లేదా వేరే బట్ట కొనుక్కోండి. చాలని బట్టతో నెట్టుకొస్తే తగ్గించేది లోపల వదిలే బట్టనే.

4. వేసుకుని ఐదు పరీక్షలు చేయండి

టైలరు దగ్గర అద్దం ముందు రెండు సెకన్లు నిలబడి "బాగుంది" అనేసి రావద్దు.

ఒకటి, ఆర్టీసీ బస్సులో పైకడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తండి. జాకెట్టు అంగుళం కంటే ఎక్కువ పైకి లేస్తే చంక మరీ కిందికి కత్తిరించారన్నమాట. ఇక్కడే అందరూ తలకిందులుగా ఆలోచిస్తారు. చంక బిగుతుగా ఉందని ఇంకా కిందికి తీయిస్తారు, జాకెట్టు ఇంకా లేస్తుంది. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. బిగువు నిజంగా చంకలోనే ఉందా, జబ్బ చుట్టులో ఉందా అన్నది విడిగా చూడాలి. చాలాసార్లు జబ్బ దగ్గరే ఉంటుంది.

రెండు, కుర్చీలో కూర్చుని హుక్కుల మధ్య చూడండి. సందులు పడితే ముందు ముక్క వెడల్పు చాలలేదు. పక్క కుట్లు విప్పితే కొంత ఊరటేగానీ పూర్తిగా పోదు. తర్వాతి జాకెట్టుకు ముందు ముక్క పెంచమనండి. ఈలోగా హుక్కుల మధ్య అదనంగా హుక్కులు వేయిస్తే గడుస్తుంది.

మూడు, ముందుకు వంగి కింద పడ్డ తాళం తీయండి. ముందు మెడ తెరుచుకుంటే లోతు అర అంగుళం తగ్గాలి.

నాలుగు, ముడతలు చదవండి. అడ్డంగా పడితే అక్కడ బిగుతు, నిలువుగా పడితే అక్కడ లూజు. ఈ ఒక్క సూత్రంతో సగం లోపాలు మీరే కనిపెట్టగలరు.

ఐదు, వెనక నుంచీ పక్క నుంచీ ఫోటో తీయించుకోండి. మిమ్మల్ని నలుగురూ ఎక్కువసేపు చూసేది ఆ రెండు వైపుల నుంచే.

సరిదిద్దాక ఆ జాకెట్టు లోపల తేదీ రాసిన గుడ్డముక్క కుట్టించండి. మూడు నాలుగు కిలోలు పెరిగినా తగ్గినా, లేదా రెండేళ్ళు దాటినా మళ్ళీ కొలతలు తీయాలి.

5. మెడ, చేతులు

జాకెట్టు చెయ్యి జబ్బ మీద ఎక్కడ ఆగితే అక్కడ అడ్డగీత పడుతుంది, కన్ను అక్కడికే పోతుంది. జబ్బ అన్నిటికన్నా లావుగా ఉన్నచోట చెయ్యి ఆపకండి. మోచేతికి అంగుళం పైన ఆపడం చాలామందికి బాగుంటుంది. మే నెలలో ఒంగోలులో అంత చెయ్యి ఉక్కపోత అంటారా, అప్పుడు లైనింగు లేకుండా మెత్తటి నూలు జాకెట్టు కుట్టించుకోండి. చెయ్యి మాత్రం కురచ చేయొద్దు.

వెనక మెడ ఆరేడు అంగుళాల లోతు దాకా ఎవరికైనా ఫరవాలేదు, బ్రా పట్టీ కనిపించనంత వరకూ. లోతు కంటే వెడల్పుతోనే ప్రమాదం. మెడ వెడల్పు పెరిగేకొద్దీ భుజం మీద బట్ట తగ్గి జారుతుంది, కాబట్టి భుజం మీద రెండు, రెండున్నర అంగుళాల బట్ట ఉండాలి. బోటు నెక్కు మెడ పొడవున్నవాళ్ళకు అందం. మెడ పొట్టిగా ఉండి భుజాలు ముందుకొచ్చినవాళ్ళకు నప్పదు, వాళ్ళు గుండ్రంగానో కోలగానో పెట్టించుకోవాలి.

వేడి ఆవిర్లు వచ్చే వయసు కదా, చంక చెమట మరకలు చెప్పాల్సిన విషయమే. బూడిద రంగు, లేత నీలం, లేత గులాబి జాకెట్లలో బాగా కనిపిస్తాయి. తెలుపు, బాగా ముదురు రంగులు, చిన్న పూల అచ్చు ఉన్నవాటిలో అంతగా కనిపించవు. చంకలో నూలు గుడ్డ రెండు పొరలు వేయించుకుని, పాడయ్యాక మార్పించుకోవచ్చు.

6. లోలంగా

నూలుది, ఆరు ముక్కలది, నడుము పట్టీ రెండు అంగుళాల వెడల్పున్నది కుట్టించండి. సన్న నాడా ఒకేచోట బిగించి కట్టడం మానేయాలి. ఏళ్ళ తరబడి ఆ రాపిడికి నడుము చుట్టూ చర్మం నల్లబడి, పొట్టు లేచి, ఒక్కోసారి పుండు పడుతుంది. మానకుండా ఉండిపోయిన అలాంటి పుండ్లు అరుదుగా క్యాన్సరుగా మారిన కేసులను వైద్యులు నమోదు చేశారు. నెల దాటినా మానని పుండు ఉంటే పసుపు రాసుకుంటూ కూర్చోకుండా చర్మవైద్యులకు చూపించండి.

చెప్పులు వేసుకుని పొడవు చూసుకోవాలి. లంగా అంచు చీర అంచుకు అంగుళం పైన ఉండాలి. బొడ్డు కింద పొట్ట జారినవాళ్ళు నాడా పొట్ట కింద కడితే నడుస్తుంటే ఇంకా దిగిపోతుంది. బొడ్డు మీదుగా గానీ ఒక అంగుళం పైన గానీ కడితే నిలుస్తుంది, పొట్టా కనిపించదు. సాటిన్ లంగా మీద జారుడు చీర కట్టొద్దు, రెండూ జారతాయి. చేప ఆకారంలో ఒంటికి పట్టే సాగుడు లంగాలు ఫోటోలకు బాగుంటాయిగానీ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వాటితో మెట్లెక్కలేరు.

7. చీర: కుచ్చిళ్ళ లెక్క

"కుచ్చిళ్ళు తక్కువొస్తున్నాయి, కొంగు చాలడం లేదు" అనేవాళ్ళు ఈ లెక్క వేసుకోండి. జాకెట్టు ముక్క తీసేశాక చీర ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. పిరుదుల చుట్టు 44 అనుకుందాం. మొదటి చుట్టుకు 44, రెండో చుట్టుకు 44. అయిదు అంగుళాల వెడల్పుతో ఆరు కుచ్చిళ్ళు పెడితే, ఒక్కో మడతకు రెండు పొరలు కాబట్టి, 60. నడుము నుంచి భుజం దాకా 30. మిగిలేది 38, అది భుజం వెనక కొంగు. చుట్టు 50 అయితే రెండు చుట్లకీ కలిపి 12 అంగుళాలు ఎక్కువ తింటుంది, కాబట్టి ఒక కుచ్చిలి తగ్గించండి, కొంగు అలాగే ఉంచండి. కొంగు పొట్టిదైతే మనిషి వెడల్పుగా కనిపిస్తుంది, ఐదు కుచ్చిళ్ళను ఎవరూ లెక్కపెట్టరు.

ఎత్తు అయిదడుగులు, ఆ పైన రెండంగుళాల లోపు ఉన్నవాళ్ళు రెండు మూడు అంగుళాల అంచు చూసుకోండి. చీరాల కుప్పడం చీరల్లో ఆ కోటకొమ్మ (గుడి గోపురాల వరసలాంటి నేత) పెద్దంచు చూడ్డానికి ఎంత బాగున్నా, పొట్టివాళ్ళను మధ్యకు కోస్తుంది. మనసు ఊరుకోకపోతే అంచు రంగుకు దగ్గర రంగు ఒళ్ళున్న చీర తీసుకోండి, ఆ కోత తగ్గుతుంది. వెంకటగిరి నూలుచీర సన్నటి నూలు, బరువు ఉండదు, రోజువారీకి దానికి మించింది లేదు. నెల్లూరు పక్కన పాటూరు మగ్గాల చీరలూ చూడండి.

పిన్నీసు భుజం ఎముక మీద కాకుండా ఒక అంగుళం వెనక్కి పెట్టండి. సరిగ్గా మీద పెడితే కొంగు బరువు జాకెట్టును ముందుకు లాగుతుంది. పలచటి చీర చిరగకుండా పిన్నీసుకు ముందుగా ఒక పూస ఎక్కించండి.

వంగి కుచ్చిళ్ళు సర్దుకోలేనివాళ్ళు కుచ్చిళ్ళు ముందే పెట్టి పట్టీ కుట్టించుకోవచ్చు. చీర కత్తిరించకుండా కుట్టమనండి, కావాలంటే విప్పేసుకోవచ్చు.

8. గంజి

ఒళ్ళున్నవాళ్ళు నూలుచీర కడితే ఉబ్బినట్టుంటుందంటారు. తప్పు చీరది కాదు, గంజిది. చిక్కటి గంజిని పలచటి గుడ్డలో వడగట్టి, ఒక గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్ళు కలపండి. చీర ముందు మామూలు నీళ్ళలో తడిపి, పిండి, తర్వాత గంజిలో ముంచితే అంతటా సమంగా పడుతుంది. పొడి చీర ముంచితే తెల్ల మచ్చలు పడతాయి. నీడలో ఆరేసి, కాస్త తేమ ఉండగానే ఇస్త్రీ చేయించండి. పట్టీ కుట్టించుకున్న చీరకు గంజి ఇంకా పలచన చేయాలి. కార్తీకం ముసురులో గంజి నిలవదు, ఆ రోజుల్లో పెట్టకపోవడమే మేలు. నెలల తరబడి దాచే చీర గంజితో దాచొద్దు, పురుగు తినేది దాన్నే.

9. ఇక రంగులు

కొట్టు లోపల ట్యూబులైటు కింద చూసి కొనొద్దు. గుమ్మం దగ్గరికి తెచ్చి, గడ్డం కింద పట్టుకుని, ముఖం చూసుకోండి, చీర కాదు. కళ్ళ కింద నీడలు ఎక్కువ కనిపిస్తే ఆ రంగు వదిలేయండి. జుట్టు నెరిసినవాళ్ళకు గంధం, బూడిద, వెలిసిన గోధుమ రంగులు ముఖంలో కళ తీసేస్తాయి. విచిత్రమేమిటంటే "వయసుకు తగ్గట్టు" అని బంధువులు చేతిలో పెట్టేవి అవే. నెమలికంఠం, వంగపండు, ఇటుక రంగు, తమలపాకు పచ్చ పట్టి చూడండి. లేత రంగు మీద మక్కువ ఉంటే జాకెట్టు ముదురుది వేయండి, ముఖానికి దగ్గరగా ఉండేది అదే.

పాత జాకెట్లను ఏం చేయాలి

లోపల బట్ట వదిలినవాటిని మొదట విప్పించండి. రెండు పక్కలా అంగుళం చొప్పున ఉంటే, ముందూ వెనకా కలిపి నాలుగు అంగుళాల దాకా చుట్టు పెరుగుతుంది. విప్పిన చోట పాత కుట్టు గీత, వెలిసిన రంగు తేడా కనిపిస్తాయి, చెయ్యి కిందికి ఉంటుంది గాబట్టి పట్టించుకోనక్కర్లేదు. బట్ట లేనివాటికి చంక కింద నుంచి నడుము దాకా అదే రంగు గుడ్డతో రెండంగుళాల పట్టీ వేయించవచ్చు. జబ్బ బిగిసేవాటికి చంకలో నలుపలకల ముక్క వేస్తే చెయ్యి లేస్తుంది. భుజం జారేవాటికి భుజం కుట్టు దగ్గర పావు అంగుళం లోపలికి తీసుకుంటే చాలు. డాటు పైకి ఉన్నవాటిని మాత్రం మార్చడం కష్టం, కుట్టు విప్పితే పట్టు మీద రంధ్రాలు మిగులుతాయి. అవి కూతుళ్ళకో కోడళ్ళకో పనికొస్తాయేమో అడగండి.

ఈ పనులన్నీ శ్రావణానికీ సంక్రాంతికీ నెల ముందే టైలరుకు ఇచ్చేయండి. పండగ వారంలో ఇస్తే ట్రయలు చూసే తీరిక ఇద్దరికీ ఉండదు, పాత ఆదికే కుట్టేస్తారు.